పరుపు కొనేముందు నేతగాడి కంటితో చూడండి

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను చదివింది ఎనిమిదో తరగతి. సొసైటీ లెక్కలు రాసి రాసి చెయ్యి తిరిగింది గానీ, ఉపన్యాసాలు చెప్పే అలవాటు లేదు. సొసైటీ కార్యదర్శి మైకు పట్టుకుంటే నూలు ధర, కూలి రేటు, రిబేటు బకాయి గురించి మాట్లాడతాడని అందరూ అనుకుంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు నా తరవాత ఉన్నారు. నేను పరుపు గురించి మాట్లాడతాను. నవ్వకండి, కాసేపు వినండి.

లోకం పడుకునే మంచాల మీద పరిచే బట్ట మన చేతిది. సోలాపూర్ చద్దరు మనవాళ్ళు నేసిందే. మా పక్కన భవాని జమఖానా, చెన్నిమలై దుప్పటి ఉన్నాయి. బట్టని వేళ్ళ మధ్య పట్టి చూసి నూలు ఏ నంబరో, పన్నె ఎంత కట్టో, గంజి ఎంత పెట్టారో చెప్పగలం. అలాంటి మనం పరుపు కొట్టుకి పోయేసరికి ఏమీ తెలియనివాళ్ళమైపోతాం. పైన మెరిసే గలీబు చూసి, కొట్టువాడు చెప్పిన మాట విని డబ్బు కట్టేసి వస్తాం. పెళ్ళిళ్ళ కాలం వస్తే సొసైటీకి అప్పు అర్జీలు వస్తాయి. వాటిలో బంగారం తరవాత మంచం, పరుపు, బీరువా. అప్పు తీరకముందే పరుపు గుంట పడిపోయిన ఇళ్ళు నాకు చాలా తెలుసు. కంతు మాత్రం నెల నెలా కట్టాల్సిందే కదా.

ఇంకో సంగతి. మన ఆస్తి మగ్గం కాదు, నడుము. మగ్గం విరిగితే వడ్రంగి బాగు చేస్తాడు. గుంట మగ్గంలో కాళ్ళు దించుకొని, ముందుకి వంగి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా నాడె ఆడించేవాడికి నడుము పట్టేస్తే ఆ నెల కూలి లేదు. ఆసు పోసే ఆడవాళ్ళకి భుజం, కండె చుట్టే ముసలమ్మకి మెడ. పగలు అరిగిన ఒళ్ళు రాత్రి బాగుపడాలి. ఆ రాత్రి దేని మీద పడుకుంటున్నాం అనేది చిన్న విషయం కాదు.

ముందు ఒక అపోహ సంగతి చెప్తాను. నడుము నొప్పి అంటే "మెత్తటిది తీసెయ్యి, కటిక నేల మీద పడుకో" అని మన పెద్దలు చెప్పేవాళ్ళు. కొందరు డాక్టర్లు కూడా అలాగే చెప్పేవాళ్ళు. స్పెయిన్ దేశంలో చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిని తీసుకొని, సగం మందికి గట్టి పరుపు, సగం మందికి మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు ఇచ్చి మూడు నెలలు చూశారు. ఆ సంగతి 2003లో డాక్టర్ల పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. మధ్యరకం పరుపు మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువగా తగ్గిందని తేలింది. అంటే మరీ రాయిలా ఉన్నా కాదు, మరీ ఊబిలా దిగిపోయినా కాదు.

కారణం మన పనిలోంచే చెప్పొచ్చు. పడుగు ఒకే బిగువులో ఉంటేనే బట్ట చక్కగా వస్తుంది. ఒకచోట వదులైతే గుడ్డ ముడత పడుతుంది, మరీ బిగిస్తే పోగు తెగుతుంది. వెన్నుపూస కూడా అంతే. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు భుజం, తుంటి కొంచెం లోపలికి దిగాలి, నడుము కింద ఆసరా ఉండాలి. నేల మీద అయితే భుజం, తుంటి దిగవు, మధ్యలో నడుము వేలాడుతుంది. మరీ మెత్తటిదాని మీద అయితే తుంటి గోతిలో పడి నడుము వంకర పోతుంది.

అందుకని కొట్లో పరుపుని చేత్తో నొక్కి చూడటం చాలదు. చెప్పులు విప్పి పడుకోండి. సిగ్గు పడకండి, డబ్బు మీది. రోజూ ఏ పక్కకి తిరిగి పడుకుంటారో అలాగే పది పదిహేను నిమిషాలు పడుకోండి. వెల్లకిలా పడుకొని నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా అటూ ఇటూ పోతే పరుపు మీకు గట్టిదైంది. చెయ్యి అసలు దూరకపోతే మరీ మెత్తన. కాస్త ఒరుసుకుంటూ దూరితే సరిపోతుంది. ఆలుమగలు పడుకునేదైతే ఇద్దరూ పడుకొని చూడాలి. ఒకరు పక్కకి తిరిగితే రెండోవాళ్ళకి మెలకువ వచ్చేలా పరుపు ఊగుతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. మనిషి బరువు కూడా లెక్కే. నలభై అయిదు కిలోల మనిషికి గట్టిగా అనిపించే పరుపు ఎనభై అయిదు కిలోల మనిషి కింద మెత్తగా అణిగిపోతుంది. అందుకే పక్కింటివాళ్ళు కొన్నారు కదా అని మనం అదే కొనకూడదు.

ఇక లోపలి సరుకు సంగతి.

మొదట బూరుగు దూది. మా అరవనాడులో దీన్ని ఇలవం పంజు అంటారు. బోడినాయకనూరు వైపు నుంచి వస్తుంది. బూరుగు చెట్టు కాయ పండుతుందని కాచుకున్న చిలుక సామెత మనకీ ఉంది, వాళ్ళకీ ఉంది. ఈ దూది పోగు నున్నగా ఉంటుంది, ఒకదాన్నొకటి పట్టుకోదు, అందుకే వడకటానికి పనికి రాదు. మన మగ్గానికి రాని దూది అన్నమాట. కానీ పరుపుకి బంగారం. పోగు లోపల బోలుగా ఉంటుంది, తేలిక, నీళ్ళు పీల్చదు. పూర్వం ఓడల్లో ప్రాణరక్షణ కోటుల్లో ఇదే నింపేవాళ్ళు. ఎండాకాలంలో ఒంటికి వేడి చెయ్యదు. లోపం ఏమిటంటే రెండు మూడేళ్ళకి అణిగి గడ్డలు కడుతుంది. అప్పుడు విప్పి ఏకించి మళ్ళీ నింపాలి. పూర్వం దూదేకులవాళ్ళు విల్లు పట్టుకొని వీధికి వచ్చేవాళ్ళు, ఇప్పుడు మిషను ఉన్న కొట్టుకి మనమే మోసుకుపోవాలి. దూది పోదు, కొంచెం కలుపుకుంటే చాలు. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు పరుపుకి మా వైపు పది నుంచి పదిహేను కిలోల దాకా నింపుతారు. నింపేటప్పుడు దగ్గర కూర్చోండి. దూదిలో గింజ ఎంత ఉందో, మిల్లు వ్యర్థం కలిపారో చూడండి. చిటికెడు తీసి నీళ్ళ గిన్నెలో వేయండి. బూరుగు దూది తడవకుండా తేలుతుంది. బ్లీచింగు చేసిన మిల్లు వ్యర్థం నీళ్ళు పీల్చి మునుగుతుంది.

మామూలు పత్తి పరుపు బరువు. చెమట పీలుస్తుంది, తొందరగా అణుగుతుంది. ఏడాదికో రెండేళ్ళకో ఏకించుకునే ఓపిక, ఎండలో వేసే డాబా ఉన్న ఇంటికి ఇది మంచిదే. ధర కూడా అందుబాటు.

తరవాత కొబ్బరిపీచు పరుపు. పీచు మీద రబ్బరుపాలు చల్లి, అచ్చులో అదిమి చేస్తారు. గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది. గట్టిదనం కోరేవాళ్ళకి, ఎక్కువ బరువున్నవాళ్ళకి సరిపోతుంది. ఒట్టి పీచు ఒక్కటే అయితే సన్నగా ఉన్న ముసలివాళ్ళకి ఎముకలు నొక్కుకుంటాయి, పైన అంగుళమో రెండంగుళాలో ఫోమ్ పొర ఉన్నది చూసుకోవాలి. కొన్నేళ్ళకి రబ్బరు పట్టు వదిలి పొడి రాలుతుంది, మనిషి పడుకునే చోట పల్లం పడుతుంది.

ఫోమ్ పరుపు. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే, అందుకని కొంచెం నిదానంగా చెప్తాను. కొట్టువాడు "32 డెన్సిటీ, 40 డెన్సిటీ" అంటాడు. దాని అర్థం ఇంతే. మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న ఫోమ్ దిమ్మ ఎన్ని కిలోలు తూగుతుంది అన్నది. 32 డెన్సిటీ అంటే 32 కిలోలు. దీన్ని మనం సొసైటీ తక్కెడ మీదే తేల్చొచ్చు. 72 అంగుళాల పొడుగు, 36 వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న పరుపులో 32 డెన్సిటీ ఫోమ్ ఉంటే ఫోమ్ ఒక్కటే సుమారు అయిదున్నర కిలోలు తూగాలి. 40 అయితే ఏడు కిలోలకి దగ్గర. గలీబు బరువు వేరే. గలీబు తీసి తూస్తే మూడు కిలోలే వచ్చిందనుకోండి, అది 18 డెన్సిటీ కూడా లేనట్టు. వీధిలో టెంపో మీద తెచ్చి సగం ధరకి ఇస్తామనేవాళ్ళ దగ్గర ఈ ఒక్క లెక్క చాలు.

గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. పల్చగా నేసిన గుడ్డకి గంజి దట్టంగా పట్టించి గట్టి బట్టలా చూపించే వ్యాపారం మనకి తెలియనిదా? ఒక్క ఉతుకుతో బండారం బయటపడుతుంది. ఫోమ్‌లో కూడా తక్కువ సరుకుని గట్టిగా ఉండేలా చెయ్యొచ్చు. కొట్లో నొక్కితే బ్రహ్మాండంగా ఉంటుంది, రెండేళ్ళకి గుంట. కొందరు సుద్దపొడి కలిపి బరువు కూడా పెంచుతారు. జిప్పు ఉన్న గలీబు అయితే తీయించి, కోసిన అంచుని వేలితో రుద్దండి. పొడి రాలితే, నొక్కిన చోటు తిరిగి లేవకపోతే వద్దనండి. జిప్పు తియ్యనివ్వనని కొట్టువాడు అంటే, లోపలి సరుకు చూపించని చోట మనకేం పని?

మెమరీ ఫోమ్ అని ఒకటి వచ్చింది. ఒంటి ఆకారానికి అణిగి, నెమ్మదిగా లేస్తుంది. భుజం, తుంటి నొప్పులవాళ్ళకి హాయిగా ఉంటుంది. కానీ ఒంటిని చుట్టుకుంటుంది కాబట్టి వేడి. ఏసీ ఉన్న చల్లటి కొట్లో పడుకొని బాగుందనుకుంటాం, ఇంటికొచ్చాక మే నెల రాత్రి రేకుల కప్పు కింద దాని మీద పడుకోవాలి కదా. రబ్బరుపాలతో చేసే లేటెక్స్ పరుపు వేరు. అది స్ప్రింగులా వెంటనే లేస్తుంది, గాలి రంధ్రాలు ఉంటాయి, చాలా ఏళ్ళు మన్నుతుంది. బరువు, ధర కూడా ఎక్కువే. అందులోనూ కల్తీ ఉంది, పై పొర ఒక్కటే లేటెక్స్ వేసి మొత్తం అదే అంటారు. ఏ పొర ఎన్ని అంగుళాలో బిల్లు మీద రాయించుకోండి.

స్ప్రింగు పరుపుల్లో రెండు రకాలు. స్ప్రింగులన్నీ ఒకదానికొకటి కట్టేసినవి ఒక రకం, ఒక్కో స్ప్రింగు ఒక్కో గుడ్డ సంచిలో విడిగా ఉండేవి రెండో రకం. మొదటిదాంట్లో ఒకరు కదిలితే పరుపంతా కదులుతుంది. రెండోది మేలు, ఖరీదు కూడా. "ఆర్థోపెడిక్" అనే మాట మీద మాత్రం డబ్బు పెట్టకండి. ఆ మాట ఎవరైనా గలీబు మీద కుట్టించుకోవచ్చు. లోపల ఏముంది, ఎన్ని అంగుళాలు, ఎంత డెన్సిటీ అని అడగండి.

ధర లెక్క ఇప్పుడు. ధరని అది మన్నే ఏళ్ళతో భాగించి చూడాలి. లెక్క కోసం అనుకుందాం. ఆరు వేల పరుపు మూడేళ్ళు వస్తే ఏడాదికి రెండు వేలు. పన్నెండు వేల పరుపు ఎనిమిదేళ్ళు వస్తే ఏడాదికి పదిహేను వందలు. ఖరీదైనదే చౌక అయింది. కానీ ఆ పన్నెండు వేలు వడ్డీకి తెస్తే లెక్క తిరగబడుతుంది. కాబట్టి అప్పు చేసి పన్నెండు వేలు పెట్టడం కంటే చేతిలో ఉన్న డబ్బుతో మంచి బూరుగు దూది పరుపు కుట్టించుకొని, రెండు మూడేళ్ళకోసారి ఏకించుకోవడం మన ఇళ్ళకి మేలని నా అభిప్రాయం. అయితే ఏకించే మిషను మీ ఊళ్ళో లేకపోతే, పరుపు మోసే మనిషి ఇంట్లో లేకపోతే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు మంచి డెన్సిటీ ఉన్న నాలుగైదు అంగుళాల ఫోమో, పైన ఫోమ్ పొర ఉన్న పీచు పరుపో తీసుకోండి. మందం ఎక్కువైతే మంచిదని లేదు. పది అంగుళాల పేలవమైన ఫోమ్ కంటే నాలుగు అంగుళాల గట్టి సరుకు మేలు.

గ్యారంటీ కాయితం కొట్లోనే చదివించుకోండి. పదేళ్ళు అని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పల్లం ఎన్ని అంగుళాలు పడితే మారుస్తారు, పాత ఏళ్ళకి ధర కోసుకుంటారా, మరక పడితే ఒప్పుకుంటారా, రవాణా ఖర్చు ఎవరిది అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. బిల్లు లేకపోతే గ్యారంటీ లేదు. బిల్లుని రేషను కార్డుతో పాటు దాచండి.

కొనబోయేముందు మంచం లోపలి కొలత టేపు పెట్టి తీసుకోండి. కంటి అంచనా వద్దు. మంచం అడుగు కూడా చూడాలి. నవారు మంచం సాగిపోయి ఉంటే దాని మీద ఎంత మంచి పరుపు వేసినా ఉయ్యాలే. నవారు బిగించాకే పరుపు వేయండి. చెక్క పట్టీల మంచమైతే పట్టీల మధ్య సందు ఎక్కువ ఉండకూడదు, ఫోమ్ ఆ సందుల్లోకి దిగుతుంది.

తెచ్చాక పైన ఉన్న ప్లాస్టిక్ కవరు తీసెయ్యండి. కొత్తదనం పోతుందని అలాగే ఉంచుతారు, చెమట తడి లోపలే నిలిచి బూజు పడుతుంది. మూడు నెలలకోసారి తల వైపు కాళ్ళ వైపుకి తిప్పండి. దూది పరుపుని ఎండలో వేసి కర్రతో దులపండి. ఫోమ్, లేటెక్స్ పరుపుల్ని ఎండలో వేయకండి, పెళుసుబారతాయి. నీడలో గాలికి నిలబెట్టండి. ఎవరో వాడి పారేసిన పరుపు చౌకగా వచ్చిందని తేకండి, నల్లులు ఇంటికి వస్తే మగ్గం సందుల్లోకి కూడా చేరతాయి.

పసిబిడ్డల సంగతి ఒక మాట. వాళ్ళకి మెత్తటి పరుపు మంచిది కాదు. ముఖం కూరుకుపోతే ఊపిరి ఆడదు. చదునుగా, గట్టిగా ఉన్నదాని మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, చుట్టూ దిండ్లు పేర్చకూడదు. మంచం పట్టిన పెద్దవాళ్ళకి పుండ్లు పడకుండా గాలి పరుపు దొరుకుతుంది. అది ఉందని ధీమాగా ఉండకూడదు, రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిందే.

ఇక మన వృత్తికి సంబంధించిన ముఖ్యమైన సంగతి. "మీ దుప్పటి పొట్టిగా ఉంది, పరుపు కింద దోపడానికి రావటం లేదు" అని ఈమధ్య కొనేవాళ్ళు అంటున్నారు. మన కొలత తగ్గలేదు, పరుపుల మందం పెరిగింది. 72 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న పరుపుకి రెండు పక్కలా కలిపి 80 అంగుళాలు పోతుంది. 90 అంగుళాల దుప్పటి పరిస్తే పక్కకి అయిదేసి అంగుళాలు దోపుడుకి మిగులుతుంది. అదే పరుపు 8 అంగుళాల మందమైతే 88 పోతుంది, పక్కకి ఒక్క అంగుళం మిగులుతుంది. ఒక ఉతుకు పడి కొంచెం కుంచించుకుంటే అదీ లేదు. కాబట్టి అమ్మేటప్పుడు మనం "మంచం సైజు ఎంత" అని మాత్రమే కాదు, "పరుపు మందం ఎంత" అని కూడా అడగాలి. వెడల్పు మగ్గాలున్న సొసైటీలు 100, 108 అంగుళాల దుప్పట్లు కొన్ని వేసి చూడాలి. పరుపు గలీబు గుడ్డ కూడా మనం నెయ్యగలిగిందే. పరుపు కొట్టువాళ్ళతో, ఏకుడు మిషనువాళ్ళతో మాట్లాడితే ఆ పని కొంత మన మగ్గాల మీదికి రావచ్చు. కనీసం మన ఇంటి పరుపుకి మన చేతి నూలు గలీబు కుట్టించుకుందాం. సింథటిక్ గలీబు కంటే ఒంటికి చల్లన.

చివరిగా ఒక మనవి. చాలా ఇళ్ళలో కొత్త మంచం, కొత్త పరుపు ముందు గదిలో ఉంటాయి. వచ్చినవాళ్ళు చూడాలి కదా. యాభై ఏళ్ళు ఆసు పోసిన అమ్మ మాత్రం వంటింటి గుమ్మం దగ్గర చాప మీద పడుకుంటుంది. అడిగితే "నాకు అలవాటేలే నాయనా" అంటుంది. అలవాటు వేరు, హాయి వేరు. ఇంటికి ఒక్క మంచి పరుపే కొనగలిగితే, దాన్ని ఎవరు ఎక్కువ అరిగారో వాళ్ళ కింద వేయండి. సారెలో ఇవ్వటానికి అప్పు చేసేముందు ఇంట్లో ఎవరి నడుము నొప్పిగా ఉందో ఒకసారి అడగండి. పిల్లలు పెద్దవాళ్ళకి మొబైలు ఫోన్లు కొనిస్తున్నారు, సంతోషం. దాంతో పాటు ఒక పరుపు కూడా కొనివ్వమని ఈ సభ ద్వారా చెప్తున్నాను.

మీ ఊళ్ళో నాలుగైదు ఇళ్ళకి పరుపులు కావాల్సి వస్తే కలిసి కొనండి. ధర తగ్గుతుంది, కొట్టువాడు కూడా జాగ్రత్తగా ఉంటాడు. సరుకు రాగానే సొసైటీ తక్కెడ మీద తూచండి, నేను చెప్పిన లెక్కతో సరిచూడండి. నూలు బేలు వస్తే తూచకుండా దించుకుంటామా?